ఫోను రేట్లు ఎవరు తగ్గించారు? ఒక ప్రభుత్వ విధానాన్ని తూకం వేయడం ఎలా?



ఉపకార వేతనాల ఇంటర్వ్యూల్లోనూ, పోటీ పరీక్షల్లోనూ తరచూ ఎదురయ్యే ప్రశ్న ఒకటి ఉంది. "ఫలానా ప్రభుత్వ విధానం వల్ల ఆ రంగం బాగుపడిందా, లేదా?" అని అడుగుతారు. మన పిల్లల్లో చాలామంది ఒక అంకె చెప్పి ఆగిపోతారు. "అప్పుడు ఇంత ఉండేది, ఇప్పుడు ఇంత అయింది, కాబట్టి విధానం మంచిదే" అంటారు. అది సగం జవాబు మాత్రమే. మిగతా సగం ఎలా చెప్పాలో తెలుసుకోవడానికి మనందరి చేతుల్లో ఉన్న వస్తువునే, అంటే ఫోనునే, పాఠంగా తీసుకుందాం.

పాత రోజులు

అవినాశి, తిరుప్పూరు, కోయంబత్తూరు వీధుల్లో ఒకప్పుడు పసుపు రంగు ఎస్‌టీడీ బోర్డులు ఉండేవి. మన తెలుగు కుటుంబాలకు చుట్టాలు మదురై, కోవిల్‌పట్టి, చెన్నైల్లో ఉంటారు. చదువుకో, ఉద్యోగానికో వెళ్ళిన పిల్లలు బెంగుళూరులోనో హైదరాబాదులోనో ఉంటారు. వాళ్ళతో మాట్లాడాలంటే రాత్రి 11 దాటేదాకా ఆగి, పావు ఛార్జీ వేళకు బూత్ ముందు నిలబడినవాళ్ళు ఈ బులెటిన్ చదివే పెద్దల్లో చాలామందే ఉంటారు. మీటరు మీద అంకెలు తిరుగుతుంటే "బాగున్నారా, బాగున్నాం" అని రెండు మాటల్లో ముగించి పెట్టేసేవాళ్ళు. బనియన్ల ఎగుమతి చేసే తిరుప్పూరు వ్యాపారులకు ఫోను, ఫ్యాక్సు లేనిదే ఆర్డరు లేదు. అయినా కొత్త కనెక్షను కోసం ఏళ్ళ తరబడి కాచుకోవలసి వచ్చేది.

దేశమంతటా ఇదే పరిస్థితి. 1994లో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన జాతీయ టెలికాం విధానమే ఈ సంగతి ఒప్పుకుంది. అప్పటికి దేశంలో ఉన్న ఫోను లైన్లు సుమారు 80 లక్షలు. దరఖాస్తు పెట్టుకుని ఎదురు చూస్తున్నవారు సుమారు 25 లక్షలు. నూరు మందికి ఒక్క ఫోను కూడా లేదు, 0.8 మాత్రమే. ప్రపంచ సగటు అప్పటికి 10. దాదాపు 5 లక్షల 76 వేల గ్రామాల్లో ఫోను చేరినవి 1 లక్షా 40 వేలు.

ఈరోజు ఫోను లేని ఇల్లు అరుదు. మరి ఈ మార్పు ఎవరి వల్ల వచ్చింది? ప్రభుత్వ విధానమా, కంపెనీల పోటీయా, యంత్రాలు చవక కావడమా? దీన్ని విడదీసి చెప్పగలిగితేనే మన జవాబు పూర్తి అవుతుంది.

ముందు కొలతలు పెట్టుకోవాలి

ఒక రంగం పనితీరును ఒకే కొలతతో కొలవకూడదు. పిల్లవాడి ఆరోగ్యం చూడాలంటే బరువు ఒక్కటే చూస్తే చాలదు కదా! టెలికాం రంగానికి కనీసం ఐదు కొలతలు కావాలి.

1. అందుబాటు: నూరు మందికి ఎన్ని కనెక్షన్లు ఉన్నాయి? దీన్నే టెలి సాంద్రత అంటారు.
2. ధర: మామూలు కుటుంబం భరించగలదా?
3. నాణ్యత: మాట మధ్యలో తెగకుండా, ఇంటర్నెట్ ఆగకుండా వస్తుందా?
4. సమానత్వం: పట్నానికి అందినది పల్లెకూ అందిందా?
5. నిలకడ: సేవ ఇచ్చే సంస్థలు నాలుగు కాలాల పాటు నిలబడగలవా?

విధానం అంటే ప్రభుత్వం పెట్టుకునే లక్ష్యం, దాన్ని చేరే దారి. నియంత్రణ అంటే ఆ దారిలో అందరూ పాటించవలసిన నియమాలు, వాటిని చూసుకునే సంస్థ. మన దేశంలో ఆ సంస్థ పేరు ట్రాయ్, అంటే భారత టెలికాం నియంత్రణ ప్రాధికార సంస్థ. ఈ రెండూ వేరు వేరు అని గుర్తుంచుకోండి. లక్ష్యం మంచిదైనా నియమం తప్పయితే ఫలితం రాదు. దానికి మొదటి సాక్ష్యం 1994 విధానమే.

1994: మంచి మాట, బరువైన కౌలు

1997 నాటికల్లా అడిగినవారికి అడిగిన వెంటనే ఫోను ఇవ్వాలని, అన్ని గ్రామాలకూ చేర్చాలని ఆ విధానం చెప్పింది. ప్రైవేటు కంపెనీలకు తలుపు తెరిచింది. 1995 జూలై 31న దేశంలో మొదటి మొబైల్ కాల్ కలకత్తా నుంచి ఢిల్లీకి వెళ్ళింది. పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు, కేంద్ర మంత్రి సుఖ్‌రామ్ మాట్లాడుకున్నారు.

కాని లైసెన్సులను వేలం వేసిన పద్ధతిలో చిక్కు వచ్చింది. కంపెనీలు ఏటా ఇంత అని నిర్ణీత మొత్తం కట్టాలి. చందాదారులు వచ్చినా రాకపోయినా ఆ సొమ్ము కట్టి తీరాలి. పోటీ మీద పెద్ద పెద్ద మొత్తాలు పాడినవాళ్ళు తరువాత కట్టలేక చేతులెత్తేశారు. కట్టినవాళ్ళు ఆ భారాన్ని వాడేవారి మీద వేశారు. మొదటి రోజుల్లో రద్దీ వేళల్లో నిమిషానికి 16 రూపాయల దాకా పడేది. ఫోను వచ్చినా, అంటే ఎవరో మనకు చేసినా, మన జేబు నుంచే డబ్బు పోయేది.

ఇంకొక లోపం కూడా ఉంది. టెలికాం శాఖే నియమాలు పెట్టేది, శాఖే ఫోను సేవ అమ్మేది. తక్కెడ పట్టుకున్నవాడే సరుకూ అమ్మితే పక్క దుకాణం వాడికి న్యాయం ఎలా జరుగుతుంది? విధానం వచ్చిన మూడేళ్ళకు గాని, అంటే 1997లో గాని, ట్రాయ్ ఏర్పడలేదు. ఆడేవాళ్ళు ముందు వచ్చారు, తీర్పు చెప్పేవాళ్ళు తరువాత వచ్చారు.

1999: కౌలు పోయి పాలు వచ్చింది

1999లో కొత్త టెలికాం విధానం వచ్చింది. అందులో ముఖ్యమైన మార్పు ఒక్కటే. నిర్ణీత లైసెన్సు రుసుము తీసేసి, కంపెనీ ఆదాయంలో ప్రభుత్వానికి ఒక వాటా అన్నారు.

వ్యవసాయ కుటుంబాల పిల్లలకు ఇది చెప్పకుండానే అర్థమవుతుంది. కొంగునాడులో కుత్తగై అంటారే, అలాంటి కౌలులో పంట పండినా ఎండినా యజమానికి చెప్పిన మొత్తం ఇవ్వాలి. పాలికి చేస్తే పండినదాంట్లో వాటా ఇస్తే చాలు. మొదటి పద్ధతిలో నష్టభయం అంతా రైతుదే. రెండో పద్ధతిలో ఇద్దరూ పంచుకుంటారు, పంట పెరిగితే ఇద్దరికీ లాభం. 1999 మార్పు సరిగ్గా ఇదే. రేటు తగ్గించి ఎక్కువ మందిని చేర్చుకోవడం కంపెనీకి లాభం, ప్రభుత్వానికీ లాభం అయింది.

తరువాతి నాలుగేళ్ళలో ఒకదాని వెంట ఒకటి మార్పులు వచ్చాయి. 2000లో చట్టం సవరించి, తగాదాలు తీర్చడానికి టీడీశాట్ అనే ప్రత్యేక ట్రిబ్యునల్ పెట్టారు. అదే ఏడాది అక్టోబరు 1న టెలికాం శాఖ నుంచి సేవలను విడదీసి బీఎస్ఎన్ఎల్ ఏర్పాటు చేశారు. దూరపు కాల్స్ వ్యాపారంలోకి ప్రైవేటు కంపెనీలను రానిచ్చారు. 2003 మే 1 నుంచి వచ్చే కాల్‌కు డబ్బు కట్టనక్కరలేదన్న పద్ధతి అమలులోకి వచ్చింది. చేసినవారే చెల్లించాలి. కూలి పనికి వెళ్ళే మనిషి కూడా ఫోను కొనుక్కుని, ఖర్చు లేకుండా పని కబురు అందుకోగలిగాడు. "మిస్డ్ కాల్" అనే మాట ప్రతి ఇంటికీ చేరింది ఆ రోజుల్లోనే.

అంకెలు చూడండి. దేశంలో మొబైల్ చందాదారులు 1999 మార్చిలో దాదాపు 12 లక్షలు. 2002 మార్చిలో దాదాపు 64 లక్షలు. 2004 మార్చికి 3 కోట్ల 30 లక్షలు దాటారు. మొదటి ఐదు రెట్ల పెరుగుదలకు మూడేళ్ళు పడితే, రెండో ఐదు రెట్లకు రెండేళ్ళే పట్టింది. 2004 అక్టోబరు నాటికి మొబైళ్ళ సంఖ్య ల్యాండ్‌లైన్లను దాటిపోయింది. 2006 మార్చి 1న బీఎస్ఎన్ఎల్ "వన్ ఇండియా" పథకం తెచ్చి, దేశంలో ఎక్కడికైనా నిమిషానికి ఒక రూపాయి అంది. అవినాశి నుంచి హైదరాబాదుకు మాట్లాడినా అంతే, ఢిల్లీకి మాట్లాడినా అంతే. పావు ఛార్జీ కోసం కాచుకునే రోజులు పోయాయి.

ఇదంతా విధానం పుణ్యమేనా?

ఇక్కడే జాగ్రత్త పడాలి. అదే కాలంలో ప్రపంచమంతటా మొబైల్ యంత్రాలు చవక అయ్యాయి. మన ప్రజల ఆదాయం కూడా పెరిగింది. విధానం మారకపోయినా ఫోన్లు కొంత పెరిగేవే. కోడి కూసినందుకే తెల్లవారిందని అనుకోకూడదు. ముందు, తరువాత అని రెండు అంకెలు పక్కపక్కన పెట్టి కారణం తేల్చేయడంలో ఉన్న పొరపాటు ఇదే.

మరి ఎలా తేల్చాలి? ఒక ఉపాయం ఉంది. సాంకేతికత అందరికీ ఒకే రకంగా అందుబాటులో ఉండి, నియమాలు మాత్రం వేరుగా ఉన్న దేశాన్ని చూడాలి. మన పెద్దల్లో కొందరికి తెలిసిన బర్మా, ఈనాటి మయన్మార్, దానికి మంచి ఉదాహరణ. 2012 ప్రాంతానికి కూడా అక్కడ నూరు మందికి పది మొబైళ్ళు లేవు. ప్రపంచంలో చవక ఫోన్లు దొరికే కాలమే అది. కాని అక్కడ ప్రభుత్వ సంస్థకే గుత్తాధిపత్యం, సిమ్ కార్డు సామాన్యుడు ముట్టుకోలేని ధర. 2014లో రెండు విదేశీ కంపెనీలు లైసెన్సు పొంది సేవలు మొదలుపెట్టాయి. సిమ్ ధర 1,500 చాట్‌లకు, అంటే సుమారు ఒకటిన్నర డాలరుకు దిగింది. కొద్ది ఏళ్ళలోనే దేశమంతా ఫోన్లతో నిండిపోయింది. యంత్రం ముందే ఉంది, నియమం మారాకే అది మనిషి చేతికి అందింది.

కాబట్టి మన తీర్పు ఇలా ఉండాలి: సాంకేతికత తలుపు దాకా వచ్చింది, విధానం తలుపు తీసింది. రెండిట్లో ఏది లేకపోయినా ఇంత ఫలితం ఇంత త్వరగా వచ్చేది కాదు.

లెక్కలో కనిపించనివాళ్ళు

ఇప్పుడు నాలుగో కొలతకు, అంటే సమానత్వానికి వద్దాం. 2010 మార్చిలో దేశం మొత్తం మీద టెలి సాంద్రత 52 దాటింది. 1999 విధానం 2010 నాటికి పెట్టుకున్న లక్ష్యం 15 మాత్రమే. ఎంత గొప్ప విజయం! కాని విడదీసి చూస్తే పట్టణాల్లో 119, గ్రామాల్లో 24. సగటు అంకె పల్లెను దాచేసింది.

పట్టణాల్లో 119 అంటే నూరు మందికి 119 ఫోన్లా? ఇది మనుషుల లెక్క కాదు, సిమ్‌ల లెక్క. ఒకరికి రెండు సిమ్‌లు ఉంటే రెండుసార్లు లెక్కలోకి వస్తారు. వాడకుండా పడేసిన సిమ్ కూడా కొన్నాళ్ళు లెక్కలో ఉంటుంది. అందుకే నిజంగా పనిచేస్తున్న కనెక్షన్లెన్నో ట్రాయ్ వేరుగా ప్రకటిస్తుంది. మన తిరుప్పూరు మిల్లుల్లో పనిచేసే ఒడిశా, బీహార్ కార్మికులు తమ ఊరి సిమ్ పెట్టుకుంటే అది ఆ రాష్ట్రపు లెక్కలోనే ఉంటుంది. పిల్లలూ, ఏ అంకె చూసినా ముందు "దేన్ని లెక్కపెట్టారు?" అని అడగండి.

పల్లెలకు ఫోను చేర్చడానికి 2002 నుంచి సార్వత్రిక సేవా నిధి ఉంది. కంపెనీల ఆదాయంలో 5 శాతం దానికి జమ అవుతుంది. ఆలోచన మంచిదే. అయితే వసూలైన సొమ్ములో పెద్ద భాగం ఏళ్ళ తరబడి ఖర్చు కాకుండా ఉండిపోయింది. 2023 టెలికాం చట్టం ఈ నిధికి డిజిటల్ భారత్ నిధి అని పేరు మార్చింది. పేరు మారడం కాదు, సొమ్ము పల్లె చేరడం చూడాలి.

ఈ తేడా చదువు మీద ఎంత పడుతుందో 2020లో బళ్ళు మూసినప్పుడు అందరం చూశాం. ఫోను ఉన్న పిల్లవాడికి పాఠం అందింది, అన్నదమ్ములు ముగ్గురికి ఒకే ఫోను ఉన్న ఇంట్లో వంతులు పడ్డాయి. అందుకే తమిళనాడు ప్రభుత్వం కల్వి టీవీ ద్వారా కూడా పాఠాలు చెప్పించింది. ఇంటర్నెట్ అందరి ఇళ్ళలో లేదన్న నిజాన్ని ఆ నిర్ణయమే ఒప్పుకుంది.

ధర తగ్గితే చాలా?

ఇక ఐదో కొలత నిలకడ. 2010 నాటికి ఒక్కో సర్కిల్లో పది, పన్నెండు కంపెనీలు ఉండేవి. 2012 ఫిబ్రవరి 2న సుప్రీంకోర్టు, స్పెక్ట్రమ్ కేటాయించిన పద్ధతి సరైనది కాదని 122 లైసెన్సులు రద్దు చేసింది. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక డేటా ధరలు ఒక్కసారిగా పడిపోయాయి. వాడేవారికి పండగే. కాని చాలా కంపెనీలు ఆ దెబ్బకు నిలబడలేకపోయాయి.

1999లో తమిళనాడులోనే సేవలు మొదలుపెట్టిన ఎయిర్‌సెల్ 2018 ఫిబ్రవరి చివర దివాలా దరఖాస్తు పెట్టుకుంది. మన ప్రాంతంలో ఎన్నో ఇళ్ళలో ఆ కంపెనీ సిమ్‌లే ఉండేవి. సిగ్నల్ పోయిన రోజుల్లో జనం ఎంత కంగారు పడ్డారో చాలామందికి గుర్తుండే ఉంటుంది. బ్యాంకు ఖాతా, ఆధార్, గ్యాస్ బుకింగ్ అన్నీ ఆ నంబరు మీదే కదా! అయినా ఎక్కువమంది పాత నంబరుతోనే వేరే కంపెనీకి మారగలిగారు. 2011 జనవరి 20 నుంచి దేశమంతటా అమలులోకి వచ్చిన నంబరు పోర్టింగు నియమమే వాళ్ళను ఆదుకుంది. ఆ నియమం వచ్చినప్పుడు "ఎంతమంది మారతారు, దీనికింత హడావిడి ఎందుకు?" అన్నవారు ఉన్నారు. మంచి నియమం విలువ ఒక్కోసారి కష్టం వచ్చిన రోజునే తెలుస్తుంది.

1999 నాటి పాలు పద్ధతిలో కూడా ఒక ముడి మిగిలిపోయింది. ఆదాయంలో వాటా అన్నారు సరే, ఏది ఆదాయం? ఫోను సేవల మీద వచ్చినదేనా, వడ్డీ, అద్దె లాంటివి కూడా కలుస్తాయా? ఈ తగాదా ఏళ్ళ తరబడి కోర్టుల్లో నలిగింది. 2019 అక్టోబరు 24న సుప్రీంకోర్టు ప్రభుత్వ వాదననే సమర్థించింది. పాత బాకీ, వడ్డీ, జరిమానా కలిసి కంపెనీల మీద లక్ష కోట్ల రూపాయలకు పైగా పడింది. 2021లో ప్రభుత్వం గడువులిచ్చి, ఫోను సేవలకు సంబంధం లేని ఆదాయాన్ని ఇక ముందు కలపబోమని నిర్వచనం మార్చింది. ఒక్క మాటకు అర్థం ముందే తేల్చుకోకపోతే ఇరవై ఏళ్ళ తరువాత ఎంత బరువు అవుతుందో చూశారా? న్యాయశాస్త్రం చదవాలనుకునే పిల్లలు ఈ సంగతి ప్రత్యేకంగా గుర్తుంచుకోండి.

ఇప్పుడు దేశంలో పెద్ద మొబైల్ కంపెనీలు నాలుగే, మూడు ప్రైవేటువి, ఒకటి బీఎస్ఎన్ఎల్. ధరలో మంచి మార్కులు వచ్చిన విధానానికి నిలకడలో అంత మంచి మార్కులు రావు.

నాణ్యత విషయంలోనూ నియంత్రణకు హద్దులున్నాయి. మాట తెగిపోతే కాల్‌కు ఒక రూపాయి చొప్పున, రోజుకు మూడు కాల్స్ వరకు పరిహారం ఇవ్వాలని ట్రాయ్ 2015లో నియమం చేసింది. 2016 మేలో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. నియమం పెట్టే సంస్థ కూడా చట్టానికి, న్యాయమైన పద్ధతికి లోబడాలి.

జవాబు రాసే పద్ధతి

ఇలాంటి ప్రశ్న వచ్చినప్పుడు ఈ వరుసలో ఆలోచించండి. విధానం ఏమి సాధిస్తానంది? ఏ నియమం, ఏ తేదీన మారింది? ఐదు కొలతల్లో ఏవి పెరిగాయి, ఏవి తగ్గాయి? అదే కాలంలో ఇంకేమి మారింది? ఎవరు మిగిలిపోయారు? చివర ఒకే మాటలో మీ తీర్పు చెప్పండి, దాని పక్కనే దాని హద్దు కూడా చెప్పండి. విద్యుత్తు, బస్సులు, చేనేత, నీటి పథకం, దేనికైనా ఈ వరుస పనికొస్తుంది.

సెలవుల్లో ఒక చిన్న పని చేయవచ్చు. మీ వీధిలో ఇరవై ఇళ్ళకు వెళ్ళి, ఎన్ని సిమ్‌లు, ఎంతమంది మనుషులు, నెల ఖర్చు ఎంత, చదువుకు ఎవరు వాడుతున్నారు అని రాసుకోండి. ఆడపిల్లలకు సొంతంగా ఫోను ఉందా అని కూడా అడగండి. పెద్ద నివేదికల్లో దొరకని నిజాలు మీ నోటుబుక్కులో దొరుకుతాయి. అర్థశాస్త్రం, గణాంకశాస్త్రం, ఎలక్ట్రానిక్స్, న్యాయశాస్త్రం, వీటిలో ఏది చదివినా టెలికాం నియంత్రణ రంగంలో పని ఉంది.

తల్లిదండ్రులకు రెండు మాటలు. ఉపకార వేతనాల దరఖాస్తులో బ్రౌజింగ్ సెంటర్ వారి నంబరు గాని, పక్కింటివారి నంబరు గాని ఇవ్వకండి. ఓటీపీ వచ్చేది ఆ నంబరుకే. ఇంట్లో నిలకడగా ఉండే నంబరు ఒకటి ఇచ్చి, దాన్ని చెల్లుబాటులో ఉంచుకోండి. కంపెనీ మారాలనుకుంటే నంబరు మార్చనక్కరలేదు. పోర్ట్ అని ఇంగ్లీషులో రాసి, ఖాళీ వదిలి, మీ పది అంకెల నంబరు చేర్చి 1900కు సందేశం పంపితే కోడ్ వస్తుంది. సేవలో లోపం ఉంటే ముందు కంపెనీ ఫిర్యాదుల కేంద్రానికి చెప్పి ఫిర్యాదు నంబరు తీసుకోండి. అక్కడ తీరకపోతే అదే కంపెనీలోని అప్పీలు అధికారికి రాయండి. ఒక్కొక్కరి ఫిర్యాదును ట్రాయ్ నేరుగా విచారించదు.

ఒకనాడు రాత్రి 11 గంటలకు బూత్ ముందు నిలబడిన తాతగారి మనవరాలు ఈరోజు ఇంట్లో కూర్చుని దరఖాస్తు నింపుతోంది. ఆ రెంటికీ మధ్య ఉన్నవి యంత్రాలు మాత్రమే కాదు, ఎవరో రాసిన నియమాలు కూడా. రేపు అలాంటి నియమాలు రాసేవారిలో, వాటిని తూకం వేసి తప్పొప్పులు చెప్పేవారిలో మన పిల్లలు కూడా ఉండాలని కోరుకుంటున్నాం.